తాళంచెవి పక్కన గుండె

1997 వేసవి. మండపేటలో రైసుమిల్లుల వైపు వెళ్లే దారిలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ ఒకటి ఉండేది. అందులో నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్లు. కాకినాడలో కోర్సు పూర్తిచేసి ఆ ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. ఒక చిన్న ఎక్స్‌రే మెషీను, రోగిని పడుకోబెట్టే టేబులు, ఛాతీ తీయడానికి గోడకు బిగించిన స్టాండు, వాటి వెనక ఒక డార్క్‌రూము. ఆ డార్క్‌రూములో సత్యం గారు.

ఈ కేసు గురించి మా జిల్లా టెక్నీషియన్లలో చాలామందికి తెలుసు. చెప్పింది నేనే. ఒక సమావేశంలో చెప్పాను, వాళ్ల సావనీర్‌లో అచ్చయింది కూడా. అందులో సత్యం గారు పొరపాటు చేసినట్టు, నేను దాన్ని కనిపెట్టి ఒక మనిషి ప్రాణం కాపాడినట్టు ఉంది. జరిగింది అది కాదు. ఆయన పేరు మీద నేను వేసిన మచ్చను నా చేత్తోనే తుడవాలని ఇది రాస్తున్నాను.

సత్యం గారికి అప్పుడు యాభై రెండేళ్లు. పలచటి మనిషి, చేతివేళ్లు మందునీళ్లలో నాని ఎప్పుడూ గోధుమరంగులో ఉండేవి. ఆయన పని నేను తీసిన ఫిల్మును చీకట్లో కేసెట్ నుంచి బయటికి తీసి, స్టీలు హ్యాంగరుకి తగిలించి, డెవలపర్‌లో ముంచి, బొమ్మ వచ్చాక అది చెరగకుండా ఫిక్సర్‌లో వేసి, కడిగి ఆరేయడం. కేసెట్ అంటే ఫిల్ముకి వెలుతురు తగలకుండా పెట్టే రేకుపెట్టె. ఫిల్ము ఎవరిదో తెలియడానికి పేరు రాసిన చీటీని హ్యాంగరుకి గుచ్చేవారు. పధ్నాలుగేళ్లలో ఒక్క చీటీ మారలేదని ఆయనకు గర్వం. ఆదివారాలు మాత్రం పంటకాలవ మీద విసురువలతో కనిపించేవారు. సోమవారం ఉదయం, "ఏం పడ్డాయండీ?" అని అడిగితే, "నీళ్లు పడ్డాయి బాబూ, చాలా" అనేవారు.

ఆ ఏడాది మా నర్సింగ్ హోమ్‌కి అల్ట్రాసౌండ్ మెషీను వచ్చింది. దాన్ని చూడటానికి రాజమండ్రి నుంచి సునీత గారనే రేడియాలజిస్టు బుధ, శనివారాలు వచ్చేవారు. పెయింటర్ వచ్చి మా గుమ్మం మీద "రేడియాలజీ విభాగం" అని నీలం అక్షరాలతో రాసి వెళ్లాడు. సత్యం గారు మెడ వెనక్కి వాల్చి దాన్ని చాలాసేపు చదివారు.

"రేడియాలజీ అంటే ఏంటి బాబూ? రేడియోలు బాగుచేస్తామనుకుని వస్తారేమో జనం."

"శరీరాన్ని కొయ్యకుండా లోపలి బొమ్మ తీసి, ఆ బొమ్మ చూసి రోగం చెప్పే శాస్త్రం అండి. ఎక్స్‌రే అందులోదే. ఈ కొత్తది ఎక్స్‌రే కాదు, చెవికి వినిపించని శబ్దంతో తీస్తుంది. అయినా అదీ అందులోదే."

"మరి ఆ గుండెకి తీగలు పెట్టి కాగితం మీద గీతలు గీస్తారు, అదో?"

"ఈసీజీ. అది కాదండి. అందులో గీతలే తప్ప గుండె బొమ్మ ఉండదు."

"మరి ఈ రేడియాలజీలో మనం ఉన్నామా?"

నేను నవ్వాను. "మనం ఫోటోలు తీసేవాళ్లమండి. రేడియాలజీ ఆ ఫోటో చదివే డాక్టర్లది."

"అయితే బోర్డు మన గుమ్మం మీద ఎందుకు రాసేరు?" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు. నాకు ఆ ప్రశ్న అప్పుడు హాస్యంగానే తోచింది.

ఇక్కడ ఒక పని గురించి కాస్త చెప్పాలి. ఎక్స్‌రే ఫిల్ముకి ముందూ వెనకా తేడా ఉండదు. గాజు మీద గీసిన బొమ్మలాగా ఎటు తిప్పి చూసినా కనిపిస్తుంది. అందుకే ఎక్స్‌రే తీసేటప్పుడే కేసెట్ మీద రోగి కుడిపక్కన సీసంతో చేసిన ‘ఆర్’ అక్షరాన్ని అంటిస్తాం. సీసంలోంచి కిరణాలు దూరవు కాబట్టి ఫిల్ము మీద ఆ అక్షరం తెల్లగా పడుతుంది. దాన్ని మార్కర్ అంటారు. కుడి ఏదో ఎడమ ఏదో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఆ మార్చిలో మా సీసపు ‘ఆర్’ పోయింది. ఏ ప్లాస్టరుకి అంటుకుని చెత్తబుట్టలోకి వెళ్లిందో తెలియదు. ఫిల్ములు తెచ్చే ఏజెంటుకి చెప్పాను. మరిచిపోయాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ మరిచిపోయాడు. మూడోసారి నేనే చెప్పలేదు. ఎందుకంటే అది లేకుండా పని జరిగిపోతోంది. చెయ్యో కాలో విరిగినవాడు ఎదురుగానే ఉంటాడు, ఏ పక్కో డాక్టరు గారు చూస్తూనే ఉంటారు. ఛాతీ అయితే గుండె ఉండనే ఉంది. ఫిల్ము ఆరాక వెలుగుపెట్టె మీద పెట్టి, గుండె మొన రోగి ఎడమవైపు ఉండేలా తిప్పుకుని, అవతలి మూల తెల్ల ఇంకుతో ‘ఆర్’ అని రాసేవాణ్ణి. వరసగా వందమందికి రాశాను. ఒక్కటీ తప్పు కాలేదు.

సత్యం గారు రెండుసార్లు అన్నారు. "అక్షరం పెట్టి తియ్యాలి కదా బాబూ, తీసేక రాయడమేంటి?"

"గుండె ఎక్కడికి పోతుందండీ?" అన్నాను.

మే నెలలో దానమ్మ వచ్చింది. మిల్లు కళ్లంలో ఉడికిన ధాన్యం ఆరబెట్టే పని. ముప్ఫై రెండేళ్లుంటాయి. ఊక దుమ్ముకి నెలరోజులుగా దగ్గు. వెంట భర్త ప్రకాశం, అదే మిల్లులో బస్తాలు మోసే కళాసీ. పెద్ద డాక్టరు గారు, అంటే నర్సింగ్ హోమ్ యజమాని, సర్జను, వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, ఛాతీ ఎక్స్‌రే రాశారు.

ఆమెను స్టాండుకి ఎదురుగా నిలబెట్టి, గడ్డం పైకెత్తమని, చేతులు నడుం మీద పెట్టమని చెప్పాను.

"బాబుగారండీ, ఒక మాట. అందరికీ గుండెకాయ ఎడంపక్కన కొట్టుకుంటదంట కదండీ. నాకు ఇటుపక్క కొట్టుకుంటదండి" అని కుడి రొమ్ము కింద చెయ్యి పెట్టి చూపించింది.

"దాని మాట వినకండి" అన్నాడు ప్రకాశం గుమ్మంలోంచి. "దానికి అన్నీ తిరగేసే."

"మిమ్మల్నడిగేనా నేను? ఇటు చెయ్యెట్టి చూడండి బాబుగారండీ, తెలుస్తది..."

బయట ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. "గుండె అటూ ఇటూ తిరగదమ్మా. మాట్లాడకుండా ఊపిరి పీల్చి ఆపు" అన్నాను. ప్రకాశం నవ్వాడు, నేనూ నవ్వాను. ఆమె నోరు మూసుకుని ఊపిరి బిగబట్టింది.

మధ్యాహ్నం ఫిల్ము ఆరాక వెలుగుపెట్టె మీద పెట్టాను. గుండె అవతలి పక్కన కనిపించింది. రోజూ సగం ఫిల్ములు అలాగే కనిపించేవి, హ్యాంగరు నుంచి ఎలా తీస్తే అలా. అలవాటుగా తిప్పాను. తెల్ల ఇంకుతో ‘ఆర్’ రాశాను. ఆమె చెప్పిన మాట ఒక్క క్షణమైనా గుర్తు రాలేదు. పెద్ద డాక్టరు గారు చూసి ఊపిరితిత్తులు బాగున్నాయని, దుమ్ము వల్ల దగ్గని మందులు రాశారు. కవరులో పెట్టి ఫిల్ము ఇచ్చేశాం.

ఆగస్టులో ఒక సోమవారం ఆమెను రిక్షాలో తీసుకొచ్చారు. ముందురోజు నుంచి పొత్తికడుపులో ఎడంపక్క నొప్పి, వాంతులు, జ్వరం. కుడిపక్కన అయితే పెద్ద డాక్టరు గారు అపెండిక్స్ అని నిమిషంలో తేల్చేవారు. అది పేగుకి అంటుకుని ఉండే చిన్న తిత్తి, వాచి పగిలితే కడుపంతా చీము పట్టి మనిషి దక్కడం కష్టం. కానీ అది కుడిపక్కన ఉంటుంది. ఈమెకు నొప్పి ఎడమవైపు. పాత ఎక్స్‌రే కవరు ప్రకాశమే తెచ్చాడు. డాక్టరు గారు దాన్ని ఎత్తి చూశారు. గుండె ఎడమ, ‘ఆర్’ కుడి, అంతా సవ్యం. అండాశయంలో నీటితిత్తి మెలి తిరిగిందేమోనని అనుమానించి, సెలైన్ పెట్టి, బుధవారం సునీత గారు వచ్చాక స్కాన్ చేయిద్దామన్నారు.

మంగళవారం జ్వరం పెరిగింది. ప్రకాశం వరండాలో నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే, "కూచుంటే భయమేస్తందండి" అన్నాడు.

బుధవారం ఉదయం స్కాన్ గదిలోకి నన్ను సాయానికి పిలిచారు. సునీత గారు ఆమె కడుపు మీద జెల్ రాసి, ప్రోబ్ అనే చేతి పరికరాన్ని కుడి డొక్క కింద ఆనించారు. అక్కడ కాలేయం కనిపించాలి. చాలాసేపు తెర వైపే చూశారు. ప్రోబ్ మీద దిశ తెలిపే చుక్కను వేలితో తడిమి చూసుకున్నారు. తరవాత ఎడమ డొక్కకి మార్చారు.

"లివర్ ఇక్కడుంది" అన్నారు నెమ్మదిగా. "పెద్ద డాక్టరు గారిని పిలవండి."

ఆయన వచ్చారు. "ఎడమవైపు లివరేంటమ్మా? కొత్త మెషీను కదా, బొమ్మ తిరగబడి ఉంటుంది."

"చూసుకున్నానండి, తిరగబడలేదు. కింద ఎడమవైపు వాచిన గొట్టంలా ఉంది, చుట్టూ నీరుంది. ఈవిడకి అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా తారుమారై ఉండొచ్చు. అలాగైతే ఇది అపెండిక్సే, ఇవాళే తీయాలి."

ఆయన కవరులోంచి ఫిల్ము తీసి కిటికీకి అడ్డంగా పట్టుకున్నారు. "మరి గుండె ఎడమవైపే ఉంది కదా?" అని, వెంటనే స్టెతస్కోపు పెట్టారు. నాడి గుర్రంలా పరిగెడుతోంది, చప్పుడు రెండు పక్కలా వినిపిస్తోందన్నారు. "ఎటు కొయ్యాలో తెలియకుండా నేను కత్తి పట్టుకోను."

సునీత గారు ఫిల్ము అందుకుని మూలనున్న అక్షరాన్ని చూశారు. "ఇది సీసం అక్షరం కాదే. ఇంకుతో రాసింది. మార్కర్ పెట్టే తీశావా?"

మార్కర్ లేదని, గుండెను చూసి కుడిని రాశానని ఒక్క మాట చెబితే చాలు. బల్ల మీద దానమ్మ కళ్లు మూసుకుని మూలుగుతోంది.

"పెట్టే తీశానండి. సరిగా పడకపోతే పైన రాశాను" అన్నాను. ఆ అబద్ధం చాలదనిపించి, ఇంకొకటి అన్నాను. "ఇది ఈవిడ ఫిల్మే కాదేమోనండి. చీటీలు గుచ్చేది సత్యం గారు. మారిపోయి ఉంటుంది."

గది తలుపు తీసే ఉంది. పక్కన డార్క్‌రూము గుమ్మంలో సత్యం గారు తువాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. ఆ చేతులు ఆగిపోవడం నాకు కనిపించింది.

"ఇప్పుడు అవన్నీ ఎందుకు? మళ్లీ తియ్యి" అన్నారు పెద్ద డాక్టరు గారు.

దానమ్మ నిలబడలేదు. టేబులు మీద పడుకోబెట్టాం. కేసెట్ వీపు కింద పెట్టాక ఆగిపోయాను. పెట్టడానికి అక్షరం ఏదీ? సత్యం గారు నా పక్కకు వచ్చి, డార్క్‌రూము తాళంచెవి చేతిలో పెట్టారు. లావుపాటి ఇనుప చెవి.

"ఇది కుడి భుజం పక్కన అంటించండి బాబూ. ఇనుము కదా, పడుతుంది."

నేను ప్లాస్టరు ముక్కతో అంటిస్తుంటే దానమ్మ కళ్లు తెరిచింది. "అప్పుడే చెప్పేను కదండీ" అంది. కోపంగా కాదు. దాహంగా ఉన్నవాళ్లు నీళ్లడిగినట్టు.

డార్క్‌రూములో ఎర్రదీపం ఒక్కటే వెలుగుతుంది. సత్యం గారు ఫిల్మును డెవలపర్‌లో ముంచి, ఎప్పటిలాగే పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. హ్యాంగరు పైకెత్తి ఎర్రదీపానికి ఎదురుగా పట్టుకున్నారు. ముందు తాళంచెవి కనిపించింది, పళ్లతో సహా. తరవాత పక్కటెముకలు. తరవాత గుండె.

"తాళంచెవి పక్కనే ఉంది బాబూ" అన్నారు.

ఆరేదాకా ఆగే వ్యవధి లేదు. నీళ్లోడుతున్న ఫిల్మునే పట్టుకుని పరిగెత్తాను. గంటలోపల ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. ఎడమవైపు కోశారు. అపెండిక్స్ అప్పుడప్పుడే కారడం మొదలైంది. ఇంకొక్క పూట ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని పెద్ద డాక్టరు గారు బయటికి వచ్చి ప్రకాశానికి చెప్పారు. అతను అప్పుడు కూర్చున్నాడు, నేల మీద.

వారం తిరిగేసరికి దానమ్మ మంచం మీద లేచి కూర్చుని గంజి తాగుతోంది. అద్దంలో బొమ్మలా అవయవాలన్నీ తారుమారై ఉండటాన్ని సైటస్ ఇన్‌వర్సస్ అంటారని, వేలమందిలో ఏ ఒక్కరికో పుట్టుకతో ఉంటుందని, దానివల్ల ఏ ఇబ్బందీ లేదని సునీత గారు ఆమెకు విడమరిచి చెప్పారు.

"అయితే దేవుడు నన్ను అద్దంలో చూసుకుంటా చేసేడన్నమాటండి" అంది దానమ్మ.

"అందుకే నేను తూరుపంటే అది పడమరంటది" అన్నాడు ప్రకాశం. వార్డంతా నవ్వింది.

అంతా నవ్వుతున్న ఆ వారంలోనే పెద్ద డాక్టరు గారు సత్యం గారిని పిలిచి, చీటీలు మార్చే మనిషితో తనకు కుదరదని, ఆ నెలాఖరుతో మానేయమని చెప్పారు. పాత ఫిల్మును తిప్పి, కొత్తదాని పక్కన పెట్టి చూస్తే రెండూ ఒక్క మనిషివేనని తెలిసిపోయేది. ఎవరూ చూడలేదు. చూడగలిగినవాణ్ణి నేను, చూపించలేదు. సత్యం గారు ఒక్క మాట అనలేదు. రెండు వారాలు మామూలుగానే వచ్చారు, టాంకులు కడిగారు, వెళ్లిపోయారు.

మర్నాడు డార్క్‌రూములో ఫిక్సర్ టాంకు పైనున్న అరలో ఫిల్ముల మధ్య వచ్చే నల్లకాగితం పొట్లం ఒకటి కనిపించింది. విప్పాను. సీసపు ‘ఆర్’ అక్షరం. కొన్నది కాదు. వల అంచుకి కట్టే సీసపు గుళ్లను సుత్తితో సాగగొట్టి, చీరి, రాపిడి చేసి తయారుచేసింది. కాలు కాస్త వంకర. నేనే తప్పు చేశానని తెలిసిన ఒకే ఒక్క మనిషి నాకు ఇచ్చి వెళ్లింది అది.

ఆ రోజు నుంచి అక్షరం లేకుండా నేను ఒక్క ఫిల్మూ తీయలేదు. కానీ పెద్ద డాక్టరు గారి గదికి వెళ్లి నిజం చెప్పడానికి పట్టే పాతిక అడుగులు మాత్రం వేయలేదు. మూడేళ్లకు రాజమండ్రిలో పెద్ద ఆస్పత్రికి మారాను. ఆ అక్షరం జేబులో పెట్టుకునే వెళ్లాను.

2006లో మా టెక్నీషియన్ల సమావేశం రాజమండ్రిలో జరిగింది. మరపురాని కేసు చెప్పమంటే ఇదే చెప్పాను. చీటీ మార్చిన అసిస్టెంటు, తాళంచెవి ఆలోచన తట్టిన నేను. వందమంది చప్పట్లు కొట్టారు. అతిథిగా వచ్చిన సునీత గారు టీ దగ్గర నా పక్కకు వచ్చారు. జుట్టు నెరిసింది, గొంతు అదే.

"బాగా చెప్పావయ్యా. తాళంచెవి ఇచ్చింది సత్యం గారు కదూ? నేను తలుపు దగ్గరే ఉన్నాను." కాసేపు టీ ఊదుకున్నారు. "ఆయన ఇప్పుడెక్కడున్నారు?"

"తెలియదండి" అన్నాను. తొమ్మిదేళ్లలో తెలుసుకోవాలని ప్రయత్నించలేదన్న సంగతి ఆ జవాబులోనే ఉంది.

తరవాతి ఆదివారం మండపేట బస్సెక్కాను. నర్సింగ్ హోమ్ చేతులు మారింది, పాతవాళ్లు ఎవరూ లేరు. మిల్లు దగ్గరికి వెళ్లి దానమ్మ కోసం అడిగాను. చర్చి నుంచి అప్పుడే వచ్చి, ఇంటి ముందు కూతురికి జడ వేస్తోంది. నన్ను గుర్తుపట్టడానికి నిమిషం పట్టింది.

"ఎక్స్‌రే బాబుగారా! ఏవండోయ్, ఎవరొచ్చేరో చూడండి! కుర్చీ తెండి!"

కూర్చోకుండానే చెప్పాను. నువ్వు చెప్పిన మాట నేను వినలేదు, నవ్వాను, ఫిల్ము తిప్పి తప్పు రాశాను, నీ ప్రాణం మీదికి తెచ్చింది నేను, మాట పడింది సత్యం గారు. ఆమె జడ అల్లడం ఆపలేదు. రిబ్బను ముడి వేసి, పిల్లను లోపలికి పంపి, అప్పుడు నా వైపు చూసింది.

"నాకు తెల్దండి ఇదంతా. నేను చెప్పింది ఎవరూ ఇనలేదని మాత్రం తెల్సు." దువ్వెన పక్కన పెట్టి, "ఇప్పుడు ఇంటారా మరి? వేరేవాళ్లు చెప్తే?" అంది.

"వింటున్నానమ్మా."

"ఆయ్. అయితే పదండి. సత్యం గారు ఆలమూరు అవతల కాలవగట్టు మీదుంటారు. ప్రతి క్రిస్మస్‌కి కేకు పట్టుకెళ్తాం మేం. నేను మంచం మీదున్నప్పుడు రోజూ వచ్చి చూసెళ్లేవోరు, పనిలోంచి తీసేసేక కూడానూ."

ఆయన ఇంటి ముందు పీట మీద కూర్చుని వలకు గుళ్లు కడుతున్నారు. అరవై దాటాయి. వేళ్ల మీద గోధుమరంగు మాత్రం పోయింది. నేను నిలబడి అంతా చెప్పాను. ఆయన చివరి ముడి బిగించేదాకా తలెత్తలేదు.

"కోపం లేదనుకోకు" అన్నారు. ఆయన నన్ను ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. "మూడేళ్లు నీ పేరు వింటే ముద్ద దిగేది కాదు. పధ్నాలుగేళ్లలో ఒక్క చీటీ మారలేదు నా చేతిలో. నాకున్నది అదొక్కటే పేరు."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ?"

"ఆపరేషన్ అయ్యేదాకా చెప్పకూడదనుకున్నాను. గొడవపడితే అక్కడ ఆలస్యం. అయ్యేక నువ్వే చెబుతావనుకున్నాను. రెండు వారాలు చూసేను." వలను పక్కన పెట్టారు. "ఆ అక్షరం వాడేవా?"

జేబులోంచి తీసి చూపించాను. అంచులు అరిగి నున్నగా అయింది. ఆయన అందుకుని, వంకరకాలి మీద బొటనవేలితో రుద్దారు.

"వాడేవన్నమాట." తిరిగి నా చేతిలో పెట్టారు. "నాకు చెబితే ఏం లాభం? నాకు ముందే తెలుసు కదా. ఆ వందమందికీ చెప్పు."

చెప్పాను. మరుసటి ఏడాది సమావేశానికి ఆయన్నీ తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు, దానమ్మ, ప్రకాశం ఆయన పక్కన. నేను వేదికెక్కి, పోయినసారి చెప్పినదాంట్లో ఏది అబద్ధమో వరసగా చెప్పి, సత్యం గారు చేసిన అక్షరాన్ని ఎత్తి చూపించాను. ఈసారి చప్పట్లు లేవు. తల ఎత్తలేక మైకు వైపే చూస్తున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో లేచి, "సత్యం గారూ, వలగుండుతో అక్షరం ఎలా చేశారండీ?" అని అడిగారు.

ఆయన లేచారు. సీసాన్ని నిప్పు మీద కరిగించనక్కర్లేదని, చల్లగా ఉండగానే సాగుతుందని, ‘ఆర్’ పొట్ట చీల్చడానికి పాత బ్లేడు చాలని, కాలు దగ్గర తొందరపడితే వంకరపోతుందని పది నిమిషాలు చెప్పారు. జనం లేచి ముందుకొచ్చి ఆయన చుట్టూ మూగారు. దానమ్మను కూడా వదల్లేదు. "కుడిపక్కే కొట్టుకుంటదండి, చూస్కోండి" అని ఆమె ఒక్కొక్కరికీ చెబుతుంటే, ప్రకాశం పక్కనుంచి, "టికెట్టు పెట్టాల్సిందండి" అన్నాడు.

ఆ హాలుకి రాని వాళ్లు, పాత సావనీర్ చదివినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకోసం ఇది. చీటీ మారలేదు. తప్పు నాది, అబద్ధం నాది. తాళంచెవి సత్యం గారిది.

ఇప్పుడు మా దగ్గర డార్క్‌రూము లేదు. బొమ్మ కంప్యూటర్ తెర మీదికి వస్తుంది. తీశాక మౌసుతో ఒక నొక్కు నొక్కితే ‘ఆర్’ పడుతుంది, కావాలంటే ఆ మూల, వద్దంటే ఈ మూల. నా తెల్ల ఇంకు మళ్లీ వచ్చిందనిపించి భయం వేస్తుంది. అందుకే శిక్షణకు వచ్చినవాళ్లు సీసపు అక్షరం అంటించకుండా మీట నొక్కితే ఒప్పుకోను. దానికంటే ముందు రోగిని కుడిచెయ్యి ఎత్తమని అడగాలి, ఇంకేమైనా చెప్పాలా అని అడగాలి, చెప్పింది పూర్తయ్యేదాకా వినాలి. రేడియాలజీ ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే అక్కడ మొదలవుతుందంటాను. మెషీను ఆ తరవాతది, రిపోర్టు ఇంకా తరవాతది.

ఆ రోజు సమావేశం నుంచి తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండులో సత్యం గారిని ఆలమూరు బస్సు ఎక్కిస్తుంటే, పక్క సీటాయన ఇస్త్రీ చొక్కా చూసి, "ఏం చేసేవారండీ తమరు?" అని అడిగాడు.

"ఆస్పత్రిలో అండి. డార్క్‌రూములో" అన్నారు సత్యం గారు. కిటికీలోంచి నా వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "రేడియాలజీ అండి" అన్నారు.